ఎవర్నీ బతిమాలక్కర్లేదు చెల్లీ

చెల్లీ, నీ ఫోన్‌లో ఎన్ని యాప్‌లున్నాయని నేనడగను. వాటిలో నువ్వు కావాలని పెట్టుకున్నవి ఏవో చెప్పు, చాలు. కొన్ని కంపెనీవాళ్లే పెట్టి పంపిస్తారు. కొన్ని కొట్లో కుర్రాడు "ఉండనీండి ఆంటీ, పనికొస్తాయి" అంటూ ఎక్కిస్తాడు. ఆటలన్నీ పిల్లలు దించుకున్నవి. ఇంకొన్ని మీ ఆయన పాత ఫోన్ నీ చేతికొచ్చినప్పుడు దాంతోపాటే వచ్చినవి. చివరికి నీకంటూ మిగిలేవి వాట్సాప్, యూట్యూబ్. ఈ నెల మన ముచ్చట దీని గురించే. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చో, తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు ఒక లెక్క చెప్తాను. చదివిన రోజు నా మనసు చివుక్కుమంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో "ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా" అని అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు వందకు 21 మంది, తెలంగాణలో 26 మందికి కాస్త పైగా అవునన్నారు. మగవాళ్లు చూస్తే ఆంధ్రలో 49 మంది దాకా, తెలంగాణలో 57 మంది. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, నిజమే. కానీ ఫోన్ చేతికి వచ్చినంత మాత్రాన దాంతో పని చేయించుకోవడం వచ్చేసినట్టేనా? గ్యాస్ బుక్ చేయాలంటే అబ్బాయి కాలేజీ నుంచి రావాలి. పెన్షన్ పడిందో లేదో చూడాలంటే అల్లుడికి తీరిక దొరకాలి. అలాంటి ఇళ్లు నాకు బోలెడు తెలుసు, నీకూ తెలుసు.

అందుకే ఏ యాప్ గురించి ఎవరు చెప్పినా నేను ఒకటే చూస్తాను. ఇది ఉంటే ఒకరిని బతిమాలే పని నాకు తప్పుతుందా? తప్పితే ఉంచుకుంటాను. ఆ యాప్ నన్నే తన చుట్టూ తిప్పుకునేలా ఉంటే తీసేస్తాను. ఈ ఒక్క కొలతతో ఒకసారి నీ ఫోన్ చూసుకో, సగం ఖాళీ అవుతుంది.

డబ్బుతో మొదలుపెడదాం. యూపీఐ 2016లో వచ్చింది. ఇప్పుడు పూలమ్మే అవ్వ దగ్గర కూడా ఆ నలుపూ తెలుపూ గళ్ల అట్ట ఉంటోంది. ఫోన్‌పే, గూగుల్‌పే, భీమ్, ఏదైనా సరే ఒక్కటి పెట్టుకో, మూడు అక్కర్లేదు. అసలు మాట పిన్ గురించి. ఖాతా నీది, అందులో డబ్బు నీది, పిన్ మాత్రం మీ అబ్బాయికి తెలుసు, నీకు గుర్తుండదు. ఇది మార్చు చెల్లీ. కొత్త పిన్ పెట్టుకో, పెళ్లిరోజో పిల్లల పుట్టినరోజో కాకుండా. ఎవరికీ చెప్పకు. దీని వల్ల ఇంట్లోవాళ్ల మీద నమ్మకం లేదని అర్థం రాదు. వాళ్ల పిన్ వాళ్లు నీకు చెప్పారా?

ఇంకొకటి నూరుసార్లు చెప్పినా తక్కువే. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదా బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు రావడానికి ఏ పిన్నూ కొట్టక్కర్లేదు, ఏ అట్టా స్కాన్ చేయక్కర్లేదు. పాత మంచం అమ్ముతానని ప్రకటన పెడతావు. అవతలివాడు "నేను మిలిటరీలో ఉన్నాను, అడ్వాన్సు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. కొట్టావా, డబ్బు నీ ఖాతాలోంచి వాడికి పోతుంది. ఎంత మర్యాదగా మాట్లాడినా, ఎంత పెద్ద ఉద్యోగం చెప్పినా, డబ్బు ఇస్తానంటూ పిన్ అడిగినవాడు దొంగే.

పచ్చళ్లు, పొడులు, పిండివంటలు చేసి అమ్మే అక్కలకు ప్రత్యేకంగా చెప్తున్నాను. కొన్నవాళ్లు ఫోన్ తిప్పి "వేశానండీ" అని పచ్చటి టిక్కు చూపిస్తారు. ఆ తెరను నమ్మొద్దు. అచ్చం అలాగే టిక్కు చూపించే నకిలీ యాప్‌లున్నాయి. నీ ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ రావాలి, లేదా నీ యాప్‌లో నువ్వే చూసుకోవాలి, లేదా నీ సౌండ్ బాక్స్ పలకాలి. అప్పటిదాకా డబ్బా చేతికివ్వకు. మొహమాటపడితే పోయేది నీ కష్టమే. వీలైతే ఇంకో పని చెయ్యి. ఫోన్‌కు కలిపే ఖాతా వేరుగా పెట్టుకుని అందులో నెల ఖర్చు మాత్రం ఉంచు. డ్వాక్రా పొదుపు, బంగారం కోసం దాచింది, పిల్లల ఫీజుల డబ్బు ఫోన్‌కు కలవని ఖాతాలో ఉండనీ. ఏదైనా జరిగినా ఆ నెల ఖర్చుతోనే పోతుంది.

ఇక కాగితాలు. మన ఇళ్లలో ముఖ్యమైన కాగితాలన్నీ ఒక ఫైల్లో, ఆ ఫైల్ బీరువాలో, బీరువా తాళం ఇంకొకరి దగ్గర. డిజిలాకర్ అనేది కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చింది. నీ ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ, పిల్లల మార్కుల మెమోలు నేరుగా ఆయా శాఖల నుంచి అందులోకి తెచ్చుకోవచ్చు. లైసెన్సు ఫొటో తీసి గ్యాలరీలో పెట్టుకుంటే పోలీసు ఒప్పుకోనక్కర్లేదు గానీ, డిజిలాకర్‌లో చూపిస్తే ఒప్పుకోవాలి, చట్టం దాన్ని అసలుతో సమానంగా చూస్తుంది. స్కూటీ మీద పిల్లల్ని దింపి వచ్చే నీకు ఇది ఎంత ఊరటో నువ్వే చూస్తావు.

ఆధార్ విషయంలో రెండు పనులు తప్పనిసరిగా చెయ్యి. ఎవరికైనా కాపీ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. రెండోది, ఆధార్ యాప్‌లోకి వెళ్లి వేలిముద్రలకు లాక్ వెయ్యి. ఎందుకంటావా? భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీదున్న వేలిముద్రల్ని నకలు చేసి, ఆధార్‌తో నగదు ఇచ్చే మిషన్లలో డబ్బు లాగేసిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు. అలాంటి దొంగతనానికి ఓటీపీ కూడా అడగరు, తెల్లారి మెసేజ్ చూసుకునేదాకా తెలియదు. లాక్ వేస్తే ఆ ముద్ర ఎక్కడా పనిచేయదు. నీకు నిజంగా అవసరమైన రోజున తీసుకుని, పని కాగానే మళ్లీ వేసుకోవచ్చు.

పొలం పనులున్న ఇళ్లలో "ఒక్క యాప్ పెట్టుకోనిస్తాం, ఏది పెట్టాలి" అని అడిగితే నేను దామిని అంటాను. ఆలోచించకుండా అంటాను. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ చేసిన యాప్ ఇది. పిడుగులు ఎక్కడ పడుతున్నాయో పసిగట్టి, నువ్వున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల ఉంటే హెచ్చరిస్తుంది. ఏటా ఏప్రిల్, మే నెలల్లో అకాల వానలప్పుడు, తర్వాత నాట్లు, కలుపుల రోజుల్లో పేపర్ తెరిస్తే పిడుగుపాటుకు పోయినవాళ్ల వార్త ఉంటుంది. పొలంలో కూలికి వెళ్లినవాళ్లు, పశువులు కాస్తున్నవాళ్లు, వాన పడిందని చెట్టు కిందకి పరిగెత్తినవాళ్లు. వాళ్లలో మన ఆడవాళ్లెందరో. పది మంది కలుపు తీస్తున్న చోట ఒక్కరి ఫోన్‌లో ఈ యాప్ ఉండి, లొకేషన్ ఆన్‌లో ఉంటే చాలు, పది మందీ గట్టుకెక్కి ఊళ్లోకి రావచ్చు.

యాప్‌తోపాటు ఇదీ గుర్తుంచుకో. ఉరుము వినిపించిందంటే పిడుగు నీ మీద పడేంత దగ్గర్లోనే ఉన్నట్టు. చెట్టు కింద నిలబడొద్దు, కరెంటు స్తంభానికి, ఇనుప కంచెకు దూరంగా ఉండు, పార, కొడవలి పక్కన పడేయి, నీళ్లున్న మడిలోంచి బయటికి రా. పక్కా ఇల్లో, తలుపులేసిన బస్సో దొరికితే అందులోకి వెళ్లు. ఏదీ లేకపోతే పాదాలు రెండూ దగ్గర పెట్టి ముడుచుకుని గొంతుక్కూర్చో, నేల మీద పడుకోవద్దు. మేస్త్రీ తిడతాడని ఆగొద్దు చెల్లీ. ఆ అరపూట కూలి పోతే పోనీ.

ప్రయాణాల సంగతి త్వరగా చెప్పేస్తాను. తెలంగాణ ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది. 2023లో వచ్చింది. చంటిపిల్లను ఎత్తుకుని ఎండలో స్టాపులో నిలబడేవాళ్లకు అది పెద్ద సాయం. రైలుకు రైల్‌వన్ ఉంది, జనరల్ టికెట్టు, రిజర్వేషన్ రెండూ అందులోనే. రాత్రిపూట ఒంటరిగా ఆటోలోనో క్యాబ్‌లోనో రావాల్సి వస్తే తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ గుర్తుంచుకో. 100కు కాల్ చేసి 8 నొక్కితే నువ్వు దిగేదాకా నీ ప్రయాణం మీద వాళ్ల కన్ను ఉంటుంది. యాప్ లేకపోయినా, బటన్ల ఫోన్ అయినా పనిచేస్తుంది. ఆంధ్రలో శక్తి యాప్ ఉంది. ఏదీ గుర్తురాకపోతే 112, దేశంలో ఎక్కడున్నా.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న మాట. అప్పులిచ్చే యాప్‌లు.

మన చేతికి డబ్బు అవసరం ఎప్పుడొస్తుందో నీకు తెలుసు. ఫీజు గడువు, ఆస్పత్రి, చీటీ వాయిదా. ఇంట్లో అడగలేం, పక్కింట్లో అడిగితే చిన్నతనం. ఆ సమయంలో ఫోన్‌లో "అయిదు నిమిషాల్లో అయిదు వేలు" అని కనిపిస్తే చెయ్యి అటు వెళ్తుంది. ఆ యాప్ ముందుగా నీ ఫోన్ నంబర్లు, ఫొటోలు చూడనివ్వమంటుంది. ఒప్పుకున్న క్షణంలో నీ పుట్టింటివాళ్ల నంబర్లు, పిల్లల టీచర్ నంబరు, అన్నీ వాళ్ల చేతికి వెళ్లిపోతాయి. వారం తిరక్కముందే తీసుకున్నదానికి రెట్టింపు అడుగుతారు. ఇవ్వకపోతే నీ ఫొటోను మార్ఫింగ్ చేసి అందరికీ పంపుతామంటారు. 2020 చివర్లో తెలంగాణలో ఈ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. రిజర్వ్ బ్యాంకు కమిటీ ఒకటి 2021లో లెక్క తీస్తే 1,100 దాకా అప్పుల యాప్‌లు దొరికాయి, వాటిలో 600 దాకా అక్రమమైనవే.

2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నియమాలు పెట్టింది. అప్పిచ్చే యాప్ నీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. డబ్బు నేరుగా నీ బ్యాంకు ఖాతాలోకే రావాలి. వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి ఎంతవుతుందో ముందే ఒక కాగితంలా చూపించాలి. కాబట్టి అప్పు ఇస్తానంటూ నీ కాంటాక్టులు అడిగిందంటే అక్కడే వదిలెయ్యి, ఇక ఆలోచించే పనే లేదు. బ్యాంకులు, గుర్తింపున్న సంస్థలు వాడే అప్పుల యాప్‌ల జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది, అందులో పేరుందో లేదో చూడు. ఇంకా మంచి మాట చెప్పనా? మన సంఘంలో అడుగు. నీ పొదుపు ఉన్న చోట అప్పు అడగడంలో చిన్నతనమేమీ లేదు.

ఇప్పటికే అందులో ఇరుక్కుని ఈ మాటలు చదువుతున్న చెల్లెలు ఎవరైనా ఉంటే, నీతోనే మాట్లాడుతున్నాను. నువ్వు తప్పు చేయలేదు. అవసరానికి అప్పు తీసుకున్నావు, అంతే. నేరం చేసింది నిన్ను బెదిరిస్తున్నవాళ్లు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పు, ఈరోజే. 1930కి కాల్ చెయ్యి, అది సైబర్ నేరాలకు దేశమంతటా ఉన్న ఒకటే నంబరు. వాళ్లు పంపిన మెసేజ్‌లు తుడిచెయ్యకు, అవే సాక్ష్యం. ఎవరైనా నీ సొంత ఫొటోలు బయటపెడతానంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సేవ ఉంది. 2021లో మొదలైంది. ఫొటో నీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు, దాని గుర్తు ఒకటి తయారై ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లాంటి సంస్థలకు చేరుతుంది, అలాంటి ఫొటో ఎవరైనా పెడితే వాళ్లు గుర్తుపట్టి ఆపగలుగుతారు. పరువు పోతుందని నోరు మూసుకుంటామన్న ధీమాతోనే వాళ్లు బతుకుతున్నారు.

పర్మిషన్ల మాట వచ్చింది కాబట్టి ఆడవాళ్లకు మాత్రమే సంబంధించిన ఇంకో విషయం. నెలసరి తేదీలు రాసుకునే యాప్‌లు చాలామంది వాడుతున్నారు. వాడొద్దనను. డాక్టరమ్మ తేదీ అడిగితే టక్కున చెప్పగలగడం మంచిదే. కానీ ఫ్లో అనే యాప్ కోట్లమంది వాడేది, ఆ వివరాలు ఫేస్‌బుక్, గూగుల్‌లాంటి వాటికి పంపిందని అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ ఫిర్యాదు చేస్తే, 2021లో ఇక అనుమతి లేకుండా అలా పంచుకోబోమని ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. నీ ఒంటి సంగతి నువ్వు అమ్మకు కూడా మెల్లగా చెప్తావే, ఎవరో కంపెనీకి ఎందుకు? ఫోన్‌లోని మామూలు క్యాలెండర్‌లో చిన్న గుర్తు పెట్టుకో. వంటింటి గోడమీది వెంకట్రామా క్యాలెండరైనా సరిపోతుంది.

అలాగే టార్చి యాప్‌కు నీ కాంటాక్టులెందుకు, పాటల యాప్‌కు నీ మెసేజ్‌లెందుకు? సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ అని ఉంటుంది. మెసేజ్‌లు, కాంటాక్టులు, మైకు, లొకేషన్, ఒక్కొక్కటీ ఎవరు వాడుతున్నారో అక్కడ కనిపిస్తుంది. పని లేనివాటికి తీసెయ్యి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను అసలు ముట్టుకోకు. పెళ్లి శుభలేఖ అంటూ వస్తుంది, పీఎం కిసాన్ అంటూ వస్తుంది, బండి చలానా అంటూ వస్తుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, దానికి ఇన్‌స్టాల్ బటన్ ఉండదు. అనుమానం వస్తే వాళ్లకు మామూలు కాల్ చేసి "పెళ్లి ఎప్పుడొదినా" అని అడుగు, తేలిపోతుంది. "డిజిటల్ అరెస్టు చేశాం, వీడియో కాల్ కట్ చేయొద్దు" అంటే కట్ చేసెయ్. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు.

రీల్స్ గురించి నిన్ను మందలిస్తానని చూస్తున్నావా? మందలించను. పొద్దున్నుంచి ఇంటికి, బయటికి చాకిరీ చేసి నడుం వాల్చే ఆ గంట నీది. ఎలా గడపాలో నీ ఇష్టం. ఆ గంట నీకు విశ్రాంతి ఇస్తోందా, ఇంకా అలిసిపోయి లేస్తున్నావా, అది మాత్రం గమనించుకో. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, ఏ యాప్‌కు రోజూ ఎంతసేపు పోతోందో చూపిస్తుంది, కావాలంటే రోజుకింతేనని గడువు పెట్టుకోవచ్చు. చేతులు పనిలో ఉన్నప్పుడు చెవులకు నేను చెప్పేది ఆకాశవాణి వాళ్ల న్యూస్ఆన్ఎయిర్ యాప్. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కేంద్రాలన్నీ అందులో పలుకుతాయి. దుబాయ్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా తెలుగు వార్తలు, నాటకాలు, పాటలు వినొచ్చు. కూర తరుగుతూ రేడియో నాటకం వింటే ఆ హాయే వేరు.

అక్షరాలు కొట్టడం రాదని వెనకాడే అమ్మకీ అత్తయ్యకీ కీబోర్డు మీద మైకు గుర్తు చూపించు. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే రాసేస్తుంది. ఫాంట్ పెద్దది చెయ్యి. మందు అట్ట మీద ఇంగ్లిషులో ఉన్న పేరు గూగుల్ లెన్స్‌తో చదివించడం నేర్పు, ఎంత వేసుకోవాలన్నది మాత్రం డాక్టరు చీటీ చూసే. నేర్పేటప్పుడు ఫోన్ నీ చేతిలోకి తీసుకుని గబగబా నొక్కేయకు. వాళ్ల వేలితోనే నొక్కించు, ఎంత ఆలస్యమైనా సరే. మనకూ ఎవరైనా అలా నేర్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకొక్క పని చెప్పి ఆపేస్తాను, ఇది ఈ సాయంత్రమే చేయదగ్గది. టెలికాం శాఖవాళ్ల సంచార్ సాథీ 2023లో వెబ్‌సైట్‌గా, 2025లో యాప్‌గా వచ్చింది. నీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో అందులో చూడు. నీకు తెలియని నంబరుంటే "నాది కాదు" అని చెప్పడానికి అక్కడే వీలుంది. ఫోన్ పోతే, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, అందులోనే ఆ ఫోన్‌ను ఎవరూ వాడకుండా బ్లాక్ చేయించవచ్చు. దానికి ఐఎంఈఐ నంబరు కావాలి. కాల్ చేసే చోట *#06# కొడితే తెర మీదకు వస్తుంది. ఆ నంబరు, నీ బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరు, 1930, ఇంట్లోవాళ్ల నంబర్లు రెండు, ఇవన్నీ ఒక కాగితం మీద రాయి. బ్యాంకు నంబరు పాస్‌బుక్ మీదనుంచో కార్డు వెనకనుంచో రాసుకో, గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు పైన కనిపించే ప్రమాదముంది. కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌లో దాచుకుంటే ఫోన్‌తోపాటే పోతుంది, అందుకని బీరువాలో పెట్టు. ఇంకో నకలు అమ్మ దగ్గర ఉంచు, అమ్మ ఫోన్ నంబర్లది కూడా ఒకటి రాసి నువ్వు తెచ్చుకో.